ముడి వాటా

దోనెలపేట, ఊరి వల స్తంభం. కాపలా నమోదులు.
రాస్తున్నది: గనగళ్ల అప్పలకొండ.

నమోదు 1

గాలి నైరుతి. స్తంభం మీద మూడో తీగకి ఉప్పు పట్టి తెల్లగా పూసింది. గోకి, గ్రీజు రాసి దిగాను. జనం తెచ్చిన మణికట్టు బిళ్ళలు బాగుచేశాను. అన్నిటికీ ఒకటే రోగం, ఉప్పు.

సన్యాసిరావు మావ వచ్చాడు. ఆయన ఉప్పు జల్లెడలు చేస్తాడు. పైన సముద్రపు నీళ్ళు పోస్తే కింద తాగే నీళ్ళు వస్తాయి. లోపల ఏడు పొరలు. ఒక్కో పొరనీ తొట్టెలో నాచులా పెంచి, ఆరబెట్టి, చేత్తో అంటిస్తాడు. ఇన్ని ఓడలు గొలుసులతో కట్టుకుని బతుకుతున్న ఈ ఊళ్ళో అంత మంచి జల్లెడ ఇంకొకటి లేదు. కానీ ఆయన ఓడ వరసలో చిట్టచివరిది. ఒడ్డు మునిగిపోయి పడవల మీద వచ్చేవాళ్ళు దిగుడుచెక్క మీద కాలు పెట్టగానే ఎదురుగా కనబడిన దుకాణంలో ఏదో ఒకటి కొనేసి, వారం తిరక్కుండా వాంతులతో పడుకుంటారు.

"సెక్క కాడ సేపలు ఏపుతాది సూడు, పైడితల్లి. ఆవిడ సెప్పిందనే నలుగురు నా కాడికొస్తన్నారు కొండా" అన్నాడు మావ. "ఆవిడికేదో ఇయ్యాల. ఎవులు ఆవిడ సెప్తే వచ్చినారో, ఎవులు ఊరికే వచ్చినారో నాకెలగ తెలుస్తాది?"

అందరి చేతికీ బిళ్ళ ఉంది. కొనడమూ, కబురు పంపడమూ దాని మీదే. ఒడ్డున శిబిరాల్లో కూడా కడతారు కాబట్టి కొత్తవాళ్ళకీ ఉంటుంది. అందుకని, ఈ బిళ్ళలన్నిటినీ స్తంభం మీది తీగలతో కలిపే ఊరి వలలో చిన్న ఏర్పాటు చేశాను. పైడక్క తన బిళ్ళని ఎవరి బిళ్ళకి తాకిస్తే అక్కడ ఒక ముడి పడుతుంది. ఆ మనిషి తర్వాత జల్లెడ కొంటే, వల ఆ ముడి చూసి మావకి చెబుతుంది. మావ పైడక్కకి వాటాగా ఒక బిందె నీళ్ళు పంపిస్తాడు. ఒకరి చేతి మీద రెండు ముళ్ళుంటే ఆఖరిదే చెల్లుతుందని పెట్టాను. వలకి అది సులువు.

పైడక్కకి చెబితే గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. "మూడు ముళ్ళేసినోడు నాకు బతుకంతా ఒక్క బిందె మోసి తేనేదే! ఈ ఒక్క ముడికే బిందెడా?"

నమోదు 8

గాలి లేదు. తీగలు బాగున్నాయి.

ముడి కావాలని రేకులమ్మేవాడు వచ్చాడు. తాళ్ళు పేనేవాళ్ళు వచ్చారు. మంత్రసాని కూడా వచ్చింది. అందరికీ పైడక్కే కావాలి, ఎందుకంటే దిగుడుచెక్క దగ్గర ఉండేది ఆవిడే. ఆవిడేమో తను వాడి చూసినవే చెబుతుంది. మంత్రసాని గురించి అడిగితే, "నాను కన్నది ముగ్గుర్నే. అందులో ఇద్దరు ఈవిడి సేతిలోనే పడ్డారు. సెప్తాను" అంది.

రేకులవాడికి మాత్రం కాదని చెప్పేసింది. "మీ రేకు నా నెత్తి మీదే కారింది."

ఆ రేకులవాడు ఎల్లాజీని పట్టుకున్నాడు. ఎల్లాజీ ఇదివరకు ఓడల గొలుసులకి కాపలా ఉండేవాడు. భుజాలు పెద్దవి, మాట మెత్తన. ఇవాళ ఒక సంచీడు బిళ్ళలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ తన మనుషులవేనట. అన్నిటికీ ముడి వేసే వీలు పెట్టమన్నాడు.

"ఇంతమంది ఏం చెబుతారు?" అని అడిగాను.

"సెప్పడం దేనికి? తగిలితే సాలు గదా."

నిజమే. ముడి పడాలంటే బిళ్ళకి బిళ్ళ తగలాలి. మాట చెప్పాలని నేనెక్కడా పెట్టలేదు. ముడి ఉన్న మనిషి ఎవరి దగ్గర ఏది కొన్నా వాటా ముడి వేసినవాళ్ళకే.

నమోదు 15

గాలి తూర్పు, గట్టిగా ఉంది. పొద్దున రెండు పడవలు వచ్చాయి.

దిగేవాళ్ళని ఎల్లాజీ మనుషులు రాసుకుంటూ, తోసుకుంటూ వెళ్తున్నారు. తగిలిన ప్రతి చేతి మీదా ముడి. పైడక్క ఒక ముసలాయనకి నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, జల్లెడ గురించి ఓపిగ్గా చెప్పింది. ఆయన లేచి మావ ఓడ దాకా నడిచాడు. సరిగ్గా గుమ్మం ముందు ఎల్లాజీ మనిషొకడు చెయ్యి పట్టి లాగి ముడి వేసేశాడు. ఆఖరి ముడి వాడిది. వాటా వాడికి.

ముసలాయన వెంట వెళ్ళిన పైడక్క అది చూసి, చేతిలో ఉన్న ఇనుప గరిటెతో వాడి మొహం మీద కొట్టింది. పెదవి చీలిపోయింది. వాడు నోటి నిండా రక్తంతో నవ్వాడు.

మధ్యాహ్నం నలుగురు ఆవిడ పొయ్యి దగ్గరికి వచ్చారు. ఇద్దరు పట్టుకున్నారు. ఒకడు ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా కాగుతున్న నూనెలో ముంచాడు. చీలిన పెదవివాడు పక్కన నిలబడి చూశాడు. నేను స్తంభం మీద ఉన్నాను. కిందికి దిగేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు పొయ్యి వైపు తప్ప మిగతా అన్ని వైపులా చూస్తున్నారు.

ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని నాచు గుజ్జు రాశాను. చర్మం గుజ్జుతో పాటే వచ్చేసింది. ఆవిడ ఏడవలేదు, పళ్ళు కొరికింది. పళ్ళ మధ్య నుంచి, "ఆ ముసిలాయన జల్లెడ కొన్నాడేటి?" అని అడిగింది.

"కొన్నాడక్కా."

"మంచిది కొన్నాడు. పోన్లే."

నమోదు 22

గాలి రాయలేదు. చూడలేదు.

పడమటి ఓడలవాళ్ళు కూడా ముఠా కట్టారు. ముడి ఎప్పుడు పడినా చివరిదే చెల్లుతుంది కాబట్టి, ఇవాళ రెండు ముఠాలూ మావ గుమ్మం ముందే కాపు కాశాయి. కొనడానికి వచ్చిన ఒక పెళ్ళాం మొగుళ్ళని చెరోవైపు లాగారు. మొగుడి భుజం కీలు ఊడిన చప్పుడు నాకు వినిపించింది. ఎవరో కొక్కెం తీశారు. తర్వాత అందరి చేతుల్లోనూ కొక్కేలే.

ముగ్గురు చచ్చిపోయారు. ఒకడి ముంజెయ్యి తెగి, బిళ్ళతో సహా మావ గుమ్మంలో పడి ఉంది. దాన్ని వెనక్కిచ్చేద్దామని ఒకతను ఎత్తి పట్టుకుని "ఎవులిదిది? ఎవులిది?" అని అరుస్తూ తిరిగాడు. అతనికి మతి తప్పినట్టుంది.

సాయంత్రం ఓడల పెద్దలు నన్ను పిలిచి ఏదో ఒకటి చెయ్యమన్నారు. ముళ్ళు తీసేస్తానన్నాను. వద్దన్నారు. ఇప్పుడు సగం ఊరు వాటాల నీళ్ళే తాగుతోందిట. అయితే వరస మారుస్తానన్నాను. ఇకనుంచి మొదటి ముడే చెల్లుతుంది. ఎవరు ముందు తాకితే వాటా వాళ్ళది. తర్వాత ఎన్ని పడినా దండగ. అప్పుడు గుమ్మాల దగ్గర కొట్టుకోవాల్సిన పని ఉండదు.

వాళ్ళకి నచ్చింది. నాకూ నచ్చింది.

నమోదు 23

గాలి నైరుతి, మెల్లగా. గుమ్మాలన్నీ ఖాళీగా ఉన్నాయి. మావ తన గుమ్మం కడుక్కుంటున్నాడు. పనిచేసింది.

నమోదు 29

గాలి దక్షిణం. ఆకాశం శుభ్రంగా ఉంది, అన్నీ కనబడ్డాయి.

స్తంభం మీద తీగ బిగిస్తుంటే దక్షిణాన ఒక పడవ కనబడింది, నిండా జనంతో. ఊరి నుంచి రెండు మోటారు పడవలు దానికి ఎదురెళ్ళాయి, ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటూ. ఒకటి ఎల్లాజీది, ఇంకొకటి పడమటివాళ్ళది. దిగుడుచెక్క దాకా ఆగితే మొదటి ముడి ఇంకెవరిదో అయిపోతుంది కదా.

దుర్భిణి పెట్టి చూశాను. రెండు వైపుల నుంచీ మగాళ్ళు ఆ పడవలోకి దూకి చేతులు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆడవాళ్ళు లేచి రెండో పక్కకి పరిగెత్తారు. అది బోర్లాపడింది.

తర్వాత జరిగింది కూడా రాయాలి. వాళ్ళు నీళ్ళలో ఉన్నవాళ్ళని పైకి లాగారు. ముందు చెయ్యి పట్టుకుని బిళ్ళ తాకించి చూశారు. ముడి తమదైతే పడవలోకి ఎక్కించుకున్నారు. అవతలి ముఠాదైతే వదిలేశారు. ఎల్లాజీ పడవ అంచున ఒకామె రెండు చేతులతో వేలాడుతోంది. ఒకడు ఆమె చెయ్యి చూసి, తెడ్డుతో వేళ్ళ మీద కొట్టాడు.

నా పక్కన వల పెట్టె మీద ముళ్ళు పడుతున్నాయి. ఒక్కో ముడికి ఒక్కో చిన్న దీపం. వెలిగినవాటిలో సగం కూడా ఊరికి చేరలేదు.

పెద్దల దగ్గరికి పరిగెత్తాను. "సముద్రంలో జరిగింది సముద్రంలోది. ఊళ్ళో గొడవ లేదు గదమ్మా" అన్నారు.

నమోదు 34

గాలి దక్షిణం. వల పెట్టె మూత పగిలింది, తీగతో బిగించాను.

పైడక్క ఇప్పుడు ఎడంచేత్తో చేపలు వేపుతోంది. కుడిచెయ్యి గుడ్డలో చుట్టుకుని ఉంటుంది. ఇవాళ నన్ను పిలిచి, ఒక జల్లెడ ఒళ్ళో పెట్టుకుని కత్తితో నిలువునా కోసింది. మావ చేసిందే. కొత్తది.

"ఎన్ని పొరలున్నాయో సూడు."

మూడు.

ఇద్దరం మావ దగ్గరికి వెళ్ళాం. తొట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"ఎల్లాజీ ముందు రెండు బిందెలు అడిగినాడు" అన్నాడు. "తరవాత నాలుగు. ఇయ్యకపోతే నా జల్లెడ పేరు ఎత్తనన్నాడు. పేరెత్తకపోతే ఎవులొస్తారు? ఆళ్ళకి అంత ఇచ్చీసి నాను ఏడు పొరలు ఎక్కడి నుంచి పెట్టేది సెప్పు."

"పిల్లలకి వాంతులు అవుతన్నాయి అన్నియ్యా" అంది పైడక్క.

"తెలుసు."

"తెలిసే అమ్ముతన్నావేటి?"

మావ తల దించుకుని పొర అంటిస్తూనే ఉన్నాడు. ఆవిడ కోసిన జల్లెడ ఆయన ముందు పడేసి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం పడవ వచ్చింది. అందులో ఉన్నదంతా ఎల్లాజీ ముళ్ళు ముందే పడిపోయిన జనం. పైడక్క దిగుడుచెక్కకి అడ్డంగా నిలబడి గొంతెత్తింది. "సన్నాసిరావు జల్లెడ నానే సెప్పీదాన్ని. ఇప్పుడు సెప్తన్నాను, కొనకండి. మూడు పొరలే. పాత జల్లెడలున్నోళ్ళని అడగండి, ఎవులింట్లో ఉన్నాయో నాను సూపిత్తాను."

ఒక్కరు కూడా కొనలేదు. ఆవిడ వెనకాలే నడిచారు.

నమోదు 35

పైడక్క చచ్చిపోయింది.

పొద్దున పదింటికి. అలలు పెద్దగా ఉన్నాయి. ఓడలు దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఆవిడ కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి దాటిస్తోంది. ఎల్లాజీ ఎదురొచ్చాడు. ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. ఆవిడ గుడ్డ చుట్టిన చెయ్యి ఎత్తి వాడి మొహం ముందు ఆడించింది. వాడు రెండు చేతులూ ఆవిడ భుజాల మీద వేశాడు. పలకరిస్తున్నాడేమో అనిపించేంత మెల్లగా. తోసేశాడు.

రెండు ఓడల మధ్య పడింది. ఓడలు దగ్గరికొచ్చాయి.

మళ్ళీ దూరం జరిగేదాకా అందరం నిలబడి చూడటం తప్ప చేసేదేం లేదు. తాడు కట్టుకుని నేనే దిగి పైకి తెచ్చాను. ఎలా ఉందో రాయను. ఎల్లాజీ అక్కడే ఉన్నాడు. కొత్తవాళ్ళ వైపు తిరిగి, "సన్నాసిరావు జల్లెడలు అటు. రండి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళారు. తప్పు పట్టను. చిన్నపిల్లల్ని ఎత్తుకుని ఉన్నారు.

నమోదు 36

పొద్దున్నే మావ దగ్గరికి వెళ్ళాను. వాటా ఆపెయ్యమన్నాను. ఆయన ఏడుస్తున్నాడు. "ఆపితే నన్నూ అలగే తోసేత్తాడు కొండా" అన్నాడు.

ముళ్ళ ఏర్పాటంతా స్తంభం మధ్య అటక మీద, ఇనుప పెట్టెలో ఉంది. పెద్ద రెంచి నడుముకి దోపుకుని ఎక్కాను. పెట్టె తెరిచాను. ముందు ఉన్న ముళ్ళన్నీ విప్పేశాను. వేలు పెట్టి ఒక్కొక్క వరసా తుడిచేస్తుంటే ఊరంతా బిళ్ళలు కీచుమన్నాయి. కింద కేకలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఏర్పాటునే విరగ్గొట్టడం మొదలుపెట్టాను, ఇంకెవరూ మళ్ళీ పెట్టలేకుండా.

ఎల్లాజీ నిచ్చెన ఎక్కి వచ్చాడు. వాడికి ముందు ఇద్దరు. మొదటివాడి తల అటక పైకి రాగానే గ్రీజు డబ్బా మొహాన కొట్టాను. కళ్ళు మూసుకుపోయి కిందున్నవాడి మీద పడ్డాడు. ఇద్దరూ నిచ్చెన పట్టుకుని జారుకుంటూ దిగిపోయారు. ఎల్లాజీ మాత్రం స్తంభాన్ని వాటేసుకుని అవతలి వైపు నుంచి అటక మీదకి వచ్చేశాడు.

"ఏటే కొండా" అన్నాడు, ఇంకా అదే మెత్తటి గొంతు. "ఎంతమంది నోటికాడ నీళ్ళు కొడతన్నావో తెలుస్తందా నీకు?"

నా జుట్టు పట్టుకుని పెట్టెకేసి కొట్టాడు. చెవి చీరుకుపోయింది. రెండోసారి కొట్టేసరికి చూపు తెల్లబడింది. రెంచి చేతికి తగిలింది. చూడకుండా తిప్పాను. వాడి మోకాలు చిట్లింది. వాడు పడుతూ పడుతూ నా కాలు పట్టుకున్నాడు. ఇద్దరం జారాం. నేను పెట్టె అంచు పట్టుకున్నాను. వాడు నా చీలమండ పట్టుకుని కిందికి వేలాడుతున్నాడు.

పైకి చూశాడు. "లాగు" అన్నాడు. "లాగవే. ఇద్దరం మాటాడుకుందాం."

రెంచితో వాడి వేళ్ళ మీద కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. ఎముక విరగడం రెంచి కాడలోంచి నా చేతికి తెలిసింది. అప్పుడు వాడి మొహంలో మెత్తదనం పోయింది. చిన్నపిల్లాడిలా "అమ్మా" అన్నాడు. నేను ఇంకోసారి కొట్టాను.

పడ్డాడు. చావలేదు.

నమోదు 37

ఎల్లాజీ స్తంభం మొదట్లోనే ఉన్నాడు. మెడ దగ్గర వెన్ను విరిగింది, దాని కింద ఏదీ కదలదు. కదిలిస్తే చచ్చిపోతాడని మంత్రసాని చెప్పింది, అందుకని పైన ఒక గుడ్డ కట్టించాను. ముళ్ళు పోయాయని తెలిశాక వాడి మనుషుల్లో ఒక్కడూ రాలేదు.

పెద్దలు వచ్చి నన్ను చూసి, వాణ్ణి చూసి, వెళ్ళిపోయారు.

ఎండెక్కాక వాడు నీళ్ళడిగాడు. చెంబు తెచ్చి నోటి దగ్గర పెట్టాను. పెదాలు తడవకుండానే మూసేసుకున్నాడు.

"ఎవుడి జల్లెడ?"

"సన్యాసిరావు మావది. మూడు పొరలది."

"మంచివేనా?"

ఏదైనా చెప్పొచ్చు. వాడికి తెలిసే దారి లేదు. నా నోటి వైపే చూస్తున్నాడు, దిగుడుచెక్క మీద కొత్తవాళ్ళు చూసినట్టే.

"కాదు" అన్నాను. "ఇవే ఉన్నాయి."

"ఏడు పొరలది తే. పాతది. ఎవులింట్లోనో ఉంటాది."

"ఎవరింట్లో ఉందో పైడక్కకి తెలుసు."

కళ్ళు మూసుకున్నాడు. చెంబు పక్కనే పెట్టి కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు అడిగాను. తల తిప్పలేడు కాబట్టి కళ్ళతోనే వద్దన్నాడు. పొద్దు వాలేసరికి నాలుక నల్లబడింది. అప్పుడు వాడే నోరు తెరిచాడు. చెంబుడూ తాగాడు.

కాసేపటికి వాంతి అయింది. పక్కకి తిరగలేక ఊపిరాడలేదు. నేనే తల పట్టుకుని తిప్పాను, నోరు తుడిచాను. చాలాసార్లు. నిన్న వాడి వేళ్ళు విరగ్గొట్టిన చేత్తోనే తుడుస్తున్నానని తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు.

నమోదు 38

తెల్లారేసరికి ఎల్లాజీ పోయాడు. గాలి దక్షిణం.

పడవ వచ్చింది. నేను దిగుడుచెక్క దగ్గరికి వెళ్ళాను. నా తల చుట్టూ గుడ్డ, రక్తం ఆరిపోయి ఉంది. ముఠాల కబురు ఒడ్డున శిబిరాల దాకా వెళ్ళినట్టుంది. పడవ ఇంకా చెక్కకి తగలకుండానే, అందులో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి కుడిచేతులు ముందుకి చాపారు. మణికట్లు పైకి పెట్టి, మొహాలు పక్కకి తిప్పుకుని. ఒక తల్లి చంటిపిల్ల చెయ్యి కూడా పట్టి చాపింది. పిల్లకి బిళ్ళ కూడా లేదు.

"చేతులు దించండి" అన్నాను.

ఎవరూ దించలేదు.

నా బిళ్ళ విప్పి వాళ్ళు చూస్తుండగా నీళ్ళలోకి విసిరేశాను. ముందున్న తల్లి ఒకసారి అటు చూసి, పిల్ల చెయ్యి వదిలింది. "మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయక్కా?" అని అడిగింది.

"ఇవాళ ఎక్కడా మంచివి లేవమ్మా" అన్నాను. "రాత్రి మా గుడ్డల్లో పట్టిన వాననీళ్ళు కొంచెం ఉన్నాయి, పిల్లకి అవి పోస్తాను. పెద్దవాళ్ళు ఓర్చుకోండి. పాత జల్లెడలు కొన్ని ఊళ్ళో ఉన్నాయి. ఎవరింట్లో ఉన్నాయో నాకు తెలియదు. తలుపు తలుపూ అడుగుదాం, రండి."

ఆమె పిల్లని చంకనేసుకుని చెక్క మీద కాలు పెట్టింది.